ఆ నంబరు మన ఇంటిదే

భోజనాల బల్ల మీద శ్యామ్ పెట్టిన ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద చుక్కలతో విడదీసిన ఒక నంబరు, ఏ ఇంటి ఇంటర్నెట్టో పట్టిచ్చే అడ్రసు. శనివారం మధ్యాహ్నం కాకుండానే ఆఫీసు నుంచి తిరిగొచ్చి, బూట్లు కూడా విప్పకుండా, "ఈ నంబరు ఎవరిదో నీకు తెలుసా?" అని అతను అడగడం, భార్గవి జవాబు చెప్పకుండా చెప్పుల అలమర వైపు చూడటం దగ్గర గత వారం ఆగాం.

ఆ అలమర కింది అరలో ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. భార్గవి దాని దుమ్ము దులిపి, లైనక్స్ ఎక్కించి, సర్వర్‌గా మార్చింది. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని ఒకే పత్రంలో అందరూ ఒకేసారి రాసుకునే సాఫ్ట్‌వేర్ అందులో పెట్టింది. భార్యాభర్తలిద్దరూ పనిచేసేది హైటెక్ సిటీలో ఒకే కంపెనీ. కొన్నాళ్ళుగా అక్కడ మనుషుల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, రాజీనామా మీద సంతకం పెట్టించి పంపుతున్నారు. అలా వెళ్ళిపోయినవాళ్ళు కొందరూ, రేపో మాపో తమ వంతు అనుకుంటున్నవాళ్ళు కొందరూ కలిసి కార్మిక శాఖకు ఇవ్వడానికి ఒక ఫిర్యాదు రాసుకుంటున్నారు. మొదట అందరూ వాడే ఆన్‌లైన్ సర్వీసులోనే మొదలుపెట్టారు. ఆ లింకు చేతులు మారి డైరెక్టర్ చలపతిరావు దగ్గరికి చేరింది. రాసిన ఇద్దరికి వారం తిరక్కుండా గదిలోంచి పిలుపు వచ్చింది. అప్పుడు భార్గవి, "మా ఇంట్లో పెడతాను, తాళం మన చేతిలోనే ఉంటుంది" అని మిగిలినవాళ్ళకు మాటిచ్చింది. శ్యామ్‌కు మాత్రం చెప్పలేదు. అతను ఉన్నది ఆ కంపెనీ కంప్యూటర్లకూ, తలుపుల కార్డులకూ కాపలా కాసే సెక్యూరిటీ టీమ్‌లో.

"నిన్నే అడుగుతున్నాను" అన్నాడు శ్యామ్.

"మన ఇంటిదే" అంది భార్గవి.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏదో అనబోయేలోగా లోపలి గది తలుపు తెరుచుకుంది. శ్యామ్ తల్లి కనకలక్ష్మి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, చేతిలో దుప్పటి పెట్టుకున్న సంచితో బయటికి వచ్చింది.

"అబ్బాయ్, వచ్చావా! ఇంకా కూర్చున్నావేంటి? ఆలస్యమైతే ఆ మిషను ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. క్రితంసారి ఎంతసేపు కూర్చోబెట్టారో మర్చిపోయావా?"

ఆమెకు వారానికి రెండుసార్లు డయాలిసిస్. తెనాలిలో ఉండగా మొదలైన జబ్బు హైదరాబాద్ వచ్చాక ముదిరింది. ఖర్చంతా చూసుకునేది శ్యామ్ కంపెనీ ఇన్సూరెన్సు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు. అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

శ్యామ్ కారు తాళాలు తీసుకున్నాడు. భార్గవి అత్తగారి చేతిలో సంచి అందుకుంది.

కొత్తగూడ ఫ్లైఓవర్ మీదికి ఎక్కిన కాసేపటికే బళ్ళు నిలిచిపోయాయి. వెనక్కి పోవడానికి లేదు, పక్కకి దిగడానికి లేదు. ముందు వాటర్ ట్యాంకరు, వెనక ఆఫీసు బస్సు. వెనక సీట్లో కనకలక్ష్మి తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. శ్యామ్ ఏసీ పెంచాడు. ఆ హోరు చాటున మాట్లాడొచ్చు అనుకున్నాడు కాబోలు.

"ఫోటోల కోసమన్నావు" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మీ చెల్లెలి పెళ్ళి ఫోటోలు, పొద్దుటూరు వీడియోలు, అన్నీ ఇంట్లోనే పెట్టుకుందామన్నావు."

"అన్నా."

"బయటి నుంచి తెరుచుకోవట్లేదంటే రౌటర్లో దారి తెరిచింది ఎవరు? నేను. నెట్ వాళ్ళకి ఫోన్ చేసి, మాటిమాటికీ మారిపోని నంబరు కావాలని అడిగి తీసుకుంది ఎవరు? నేను. నా పేరు మీద, నా ఆధార్ ఇచ్చి. ఆ రోజు నువ్వు నాకు పులిబొంగరాలు వేసి పెట్టావు కూడా."

భార్గవి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ ఆదివారం ఆమెకూ బాగా గుర్తుంది. ఎంత కొట్టుకున్నా ఆ ఒక్క పని ఆమెకు కాలేదు. సర్వర్ లేచింది. పత్రం తెరుచుకుంది. లాప్‌టాప్‌లో ఒక అక్షరం కొడితే పక్కనే ఉన్న ఫోనులో కనిపించింది. గడప దాటి బయటికి మాత్రం పోలేదు. శ్యామ్ వచ్చి కూర్చుని కాఫీ చల్లారేలోగా సరిచేశాడు. "ఇదిగో, నీ ఫోటోలు ఇంక అమెజాన్ అడవిలోంచి కూడా చూసుకోవచ్చు" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

"ఎట్ల దొరికింది?" అని అడిగింది.

"మీలో ఎవరో ఆఫీసు లాప్‌టాప్‌లో ఆ లింకు తెరిచారు. ఒక్కసారే. చాలు. నిన్న సాయంత్రం చలపతిరావు గారు నన్నొక్కణ్ణే పిలిచి స్క్రీన్ నా వైపు తిప్పారు. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు, నేను తీసుకున్నదే కదా! ఆయన ముందు నా మొహం ఎట్టా పెట్టానో నాకే తెలీదు. సోమవారం పొద్దున్నకల్లా మనిషి పేరు కావాలన్నారు. టీమ్‌లో ఎవరికీ చెప్పొద్దన్నారు. రాత్రంతా ఇంట్లో నీ పక్కనే ఉన్నాను, అడగలేకపోయాను. పొద్దున్న ఆఫీసుకి పోయి ఇంకోసారి చూసుకున్నాను, నేనే పొరపాటు పడ్డానేమోనని."

"ఇంటికి పోతానే తీసేస్తా శ్యామ్."

"తీసేస్తే? ఎవరేం తెరిచారో నమోదయ్యే మా లాగ్‌లో అది పడిపోయింది. నాతో చెప్పిన మర్నాడే ఆ సర్వర్ మాయమైతే ముందు నన్నే అడుగుతారు. ఉంచితే నువ్వు దొరుకుతావు. తీసేస్తే నేను దొరుకుతాను."

"తెలియలేదని చెప్పు."

"కంపెనీ రహస్యాలు బయటికి పోతున్నాయని పోలీసులకి ఒక్క కంప్లైంట్ ఇస్తే చాలు. నెట్ వాళ్ళు నా పేరు, మన ఫ్లాట్ నంబరు ఇస్తారు. అప్పుడు దాచిపెట్టానని కూడా అంటారు." అతను ఏసీ ఇంకాస్త పెంచాడు. "నాతో ఒక్కమాట చెప్పి ఉంటే అయిపోయేది కదా."

"నీకు చెప్పింటే నువ్వు కూడా దాయాల్సి వచ్చేది. తెలియకుంటే అబద్ధం చెప్పే పని ఉండదనుకున్నా. నిన్ను దీంట్లోకి లాగకూడదనే."

"లాగలేదా? నా చేత్తోనే దారి తెరిపించావు భార్గవీ."

వెనక నుంచి బస్సు హారన్ మోగింది. కనకలక్ష్మి కళ్ళు తెరవకుండానే, "ముందుకు పోనియ్ రా, బండి కదిలింది" అంది.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. బొటానికల్ గార్డెన్ దాటించి, గచ్చిబౌలి వైపు ఆసుపత్రి గేటు దాకా శ్యామ్ బండి నడిపాడు.

కనకలక్ష్మిని మంచం మీద పడుకోబెట్టి, సూదులు గుచ్చి, మిషను నడిపించాక నర్సు వీళ్ళను బయటికి పంపింది. అద్దాల తలుపు ఇవతల వరండాలో స్టీలు కుర్చీలు. అక్కడి నుంచి చూస్తే ఆమె పాదాలు, దుప్పటి అంచు, ట్యూబులో తిరుగుతున్న ఎరుపు కనిపిస్తాయి. మిషను ఆగేదాకా ఇద్దరూ ఎక్కడికీ పోవడానికి లేదు.

"చూపించు" అన్నాడు శ్యామ్.

"ఏం?"

"మీరు రాసింది. నా పేరు మీద నడుస్తోంది. నేను చదవకూడదా?"

"వద్దు శ్యామ్." ఆమె ఫోను రెండు చేతుల్తో పట్టుకుంది. "ఇంకొక రోజు."

"సోమవారం వచ్చేస్తే ఇంకొక రోజు ఎక్కడిది?"

ఆమె పాస్‌వర్డ్ కొట్టి ఫోను చేతికిచ్చి లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అతను చదువుతుంటే పక్కన కూర్చునే ధైర్యం ఆమెకు లేదు.

చాలామంది ఇంగ్లీషులో రాశారు. ఆఫీసు మెయిళ్ళ మాదిరి, తేదీలూ పేర్లతో. శ్యామ్ గబగబా కిందికి జరుపుతూ పోయాడు. ఉమాశ్రీ ఒక్కతే తెలుగులో రాసింది. భీమవరం అమ్మాయి, టెస్టింగ్ టీమ్‌లో ఉండేది, క్యాంటీన్‌లో రెండు మూడుసార్లు పలకరించిన గుర్తు. అతని వేలు అక్కడ ఆగింది.

"నాకప్పుడు ఏడో నెల. సంతకం పెట్టమన్నారు. ఇంట్లో అడిగి చెప్తానన్నాను. ఆలోచించుకోండి అని చలపతిరావు గారూ, ఆయనతో వచ్చినావిడా బయటికి వెళ్ళిపోయారు. ఎంతకీ రాలేదు. బాత్రూమ్‌కి వెళ్దామని లేచి కార్డు పెడితే ఎర్ర లైటు వచ్చింది. ఆ గది తలుపు లోపలి నుంచి కూడా కార్డుతోనే తెరుచుకుంటుంది. పొద్దున్న ఇదే కార్డుతో ఆఫీసులోకి వచ్చాను. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎర్ర లైటే. ఫోను వాళ్ళు ముందే తీసుకున్నారు. అద్దంలోంచి మనుషులు కనిపిస్తున్నారు. తలుపు కొట్టాను. ఇద్దరు నా వైపు చూసి తల తిప్పుకున్నారు. చాలాసేపు ఆపుకున్నాను. తర్వాత నా వల్ల కాలేదు. బట్టలు తడిసిపోయి గోడ వైపు తిరిగి నిలబడి ఉండగా వాళ్ళు వచ్చారు. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాను."

శ్యామ్ అది ఇంకోసారి చదివాడు. పైన ఉన్న తేదీ చూశాడు.

అతనికి ఆ రోజు గుర్తొచ్చింది. గుర్తొచ్చేంత పెద్ద సంగతి కూడా కాదు అది. డైరెక్టర్ ఆఫీసు నుంచి ఒక మెయిల్. ఒక ఉద్యోగి నంబరు, పేరు, కార్డు వెంటనే ఆపెయ్యమని ఒక వాక్యం. అలాంటివి రోజూ వస్తాయి. వెళ్ళిపోయినవాళ్ళ కార్డులు ఆపడం అతని పనే. పక్క సీటువాడితో క్రికెట్ మాట్లాడుతూ ఆ పేరు పక్కన ఒక గుర్తు తీసేశాడు. అయిపోయిందని జవాబు కొట్టి టీకి లేచాడు.

"భార్గవీ."

ఆమె వెనక్కి తిరిగింది.

"ఆ కార్డు ఆపింది నేనే."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆమె రాసినప్పట్నుంచి. కార్డులు ఆపేది నువ్వే కదా. ఇంకెవరనుకుంటా?"

"కార్లో నన్ను కాపాడ్డానికి దాచానన్నావు."

"అదీ నిజమే." ఆమె వచ్చి ఒక కుర్చీ వదిలి కూర్చుంది. "ఇదీ నిజమే. ఇది చదివినాక నువ్వు ఎట్ల నిద్రపోతావో, నిన్ను చూస్తా నేను ఎట్ల ఉంటానో తెలియక చెప్పలేదు. రోజూ నువ్వు ఇంటికొచ్చి అన్నం తింటా ఉంటే చెప్పాలనుకునేదాన్ని. ఒక్కోరోజు నీ మీద చానా కోపమొచ్చేది. ఏమీ తెలియని మనిషి మీద ఏం కోపం పెట్టుకునేది? అందుకే చెప్పుల అలమర కాడికి పోయి, సర్వర్ నడుస్తా ఉందా లేదా అని చూసుకుని వచ్చేదాన్ని."

"ఆవిడ లోపల ఉందని నాకు తెలీదు. వెళ్ళిపోయిందనుకున్నాను. ఒట్టు."

"నీకు తెలియదని నాకు తెలుసు శ్యామ్. దాంతో ఆమెకేమొచ్చింది?"

అతను ఫోను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. భార్గవి మధ్యలో ఉన్న ఖాళీ కుర్చీలోకి జరిగింది. చెయ్యి మాత్రం వెయ్యలేదు. వేస్తే క్షమించినట్టవుతుందేమో, అది తన చేతిలో ఉన్న పని కాదేమో అనిపించింది.

తలుపు తెరిచి నర్సు, "అమ్మ పిలుస్తుంది, ఒక్క నిమిషం రండి" అంది.

కనకలక్ష్మి కొడుకు మొహం చూడగానే, "ఏడ్చావా?" అంది.

"లేదమ్మా."

"కిడ్నీలే పోయాయిరా నాకు, కళ్ళూ చెవులూ బానే ఉన్నాయి. కార్లో మీరు గుసగుసలాడింది మొత్తం విన్నాను. కంప్యూటర్ సంగతి నాకర్థం కాలేదు. ఉద్యోగాలు పోతాయన్నది అర్థమైంది. ఇప్పుడు ఇంకేమైంది?"

శ్యామ్ మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. "కడుపుతో ఉన్న ఒకావిడ గదిలో ఉండగా, నేను బయట కూర్చుని తలుపు మూసేశానమ్మా. నాకు తెలీకుండానే. సంతకం పెట్టేదాకా ఆవిణ్ణి బయటికి రానివ్వలేదు."

మిషను తన పని తాను చేసుకుపోతోంది.

"బిడ్డ బాగుందా?" అని ఆమె కోడలిని అడిగింది.

"బాగుంది అత్తయ్యా. ఆడపిల్ల."

"హమ్మయ్య." ఆమె సూది లేని చెయ్యి ఎత్తి నుదురు తుడుచుకుంది. "ఇద్దరూ నా వంకే చూస్తున్నారు. నేనేదో పెద్దమనసు చేసుకుని, నా గురించి ఆలోచించకండి, మీకు న్యాయమనిపించింది చెయ్యండి అంటానని చూస్తున్నారేమో. నేననలేనమ్మా. నాకు బతకాలనుంది. ఇట్టా సూదులు పొడిపించుకుని, నీళ్ళు కొలుచుకు తాగుతూ అయినా సరే, బతకాలనుంది. ఈ మంచం పోతే నాకు ఇంకో మంచం లేదని తెలుసు." ఆమె దుప్పటి పైకి లాక్కుంది. "అట్టాగని ఆ పిల్ల సంగతి మర్చిపొమ్మని కూడా చెప్పలేను. ఏం చెప్పాలో నాకు తెలీట్లేదు. మీరే ఏదో ఒకటి చూడండి. నన్ను మాత్రం అడక్కండి."

శ్యామ్ తల్లి పాదాల మీద దుప్పటి సర్ది బయటికి వచ్చాడు.

వరండాలో కూర్చుని భార్గవి ఫోను ఆమెకిచ్చి, తన ఫోను తీశాడు. "నాకూ ఒక ఖాతా తెరిచివ్వు" అన్నాడు.

"ఎందుకు?"

"ఉమాశ్రీ రాసింది చదివి వాళ్ళు ఏమంటారో తెలుసా? కార్డు పాడైందంటారు, ఆవిడే కంగారుపడిందంటారు. ఆపమని మెయిల్ ఎవరు పంపారో, ఎప్పుడు పంపారో చెప్పగలిగింది నేనొక్కణ్ణే. ఆవిడ సంతకానికి ముందు ఆపారా, తర్వాత ఆపారా అన్నదే కదా మొత్తం కథ!"

"రాస్తే ఇంక వెనక్కి రాలేవు."

"తెలుసు. ఇవ్వు."

ఆమె ఖాతా తెరిచింది. అతను లోపలికి వచ్చాడు. భార్గవి తెర మీద ఉమాశ్రీ రాసిన దాని కింద 'శ్యామ్' అన్న పేరుతో ఒక చిన్న ఆకుపచ్చ గీత మెరిసింది. ఒక కుర్చీ అవతల అతను కొడుతున్న అక్షరాలు ఆమె చేతిలోకి ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. తన పేరు రాశాడు, ఉద్యోగం రాశాడు. పైన ఉమాశ్రీ గారు రాసిన తలుపు గురించి నాకు తెలిసింది ఇది, అని రాశాడు. ఆ కార్డు ఆపింది నేను, ఆపమన్నది...

అక్షరాలు ఆగిపోయాయి.

"రాయి" అంది భార్గవి.

"రాస్తూనే ఉన్నాను."

ఆమె తెర పైభాగాన కనెక్షన్ పోయిందని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. మళ్ళీ తెరిచింది. తెల్ల పేజీ. అప్పుడే ఆమె ఫోను మోగింది. ఇంట్లో పనిచేసే బాలమ్మ. సాయంత్రం పని ముందే ముగించుకోవడానికి శనివారాలు తన దగ్గరున్న తాళంతో తలుపు తీసుకుని వస్తుంది.

"అమ్మా, సారు ఆఫీసుల కెల్లి ఇద్దరొచ్చిండ్రు. కంప్యూటర్ ఖరాబైందంట, బాగు చెయ్యనీకి సారే పంపిండంట. యాడుందంటే నేనే చూపెట్టిన. ఇప్పుడు వైర్లు పీకి సంచిల పెడ్తున్నరు. ఇయ్యాల్నా వద్దా, జర చెప్పు."

"ఇయ్యొద్దు బాలమ్మా! ఎవరికీ ఇయ్యొద్దు!"

"అయ్యో... లిఫ్టు కాడికి పోయిండ్రమ్మా."

భార్గవి ఫిర్యాదుకు రోజూ కాపీ తీసేది. ఆ కాపీ వెళ్ళి పడేది అదే డబ్బాకు తగిలించిన డిస్కులోకే. మంచి చోటు చూసి వేరేగా పెడదామని ఎప్పటికప్పుడు అనుకుంటూనే ఉంది. రాసినవాళ్ళందరి పేర్లూ, వాళ్ళు నమ్మి చెప్పుకున్న మాటలూ ఇప్పుడు లిఫ్టులో కిందికి దిగుతున్నాయి.

ఆమె చెప్పేలోగానే శ్యామ్ ఫోను మోగింది. చలపతిరావు. శ్యామ్ స్పీకర్ నొక్కాడు.

"అమ్మగారికి డయాలిసిస్ నడుస్తోందా శ్యామ్? శనివారాలు కదా." ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఆ నంబరు ఎవరి ఇంటిదో నిన్ను పిలవకముందే నాకు తెలుసయ్యా. నీ అంతట నువ్వు చెప్తావేమోనని చూశాను. పోనీలే. నాకు తెలియంది ఒక్కటే. అది నీ పనా, మీ ఆవిడ పనా? ఇద్దర్నీ పంపించడం నాకూ ఇష్టం లేదు. ఒక్కళ్ళ పేరు చెప్పు. రెండోవాళ్ళు సోమవారం మామూలుగా ఆఫీసుకి రావచ్చు. అమ్మగారి ఇన్సూరెన్సుకీ ఏ ఇబ్బందీ రాదు."

శ్యామ్ అద్దం తలుపులోంచి లోపలికి చూశాడు. భార్గవి అతని మొహంలోకి చూసింది.

"నాదే సార్" అన్నాడతను.

"నాది" అంది ఆమె, అదే క్షణంలో.

రెండు గొంతులూ కలిసే ఫోనులోకి వెళ్ళాయి.

"అలాగా" అన్నాడు చలపతిరావు. "అయితే ఇద్దరూ కిందికి రండి. ఆసుపత్రి గేటు దగ్గర కార్లోనే ఉన్నాను." అదే మెత్తదనంతో ఇంకో మాట కలిపాడు. "నా పక్కన ఉమాశ్రీ గారు కూడా ఉన్నారు."